రోగి చేతికి అందని రోగ చరిత్ర

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, అరేబియా సముద్రపు ఒడ్డున డుమస్ అనే ఊరుంది. ఇక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఆదివారం సాయంత్రమైతే నగరమంతా ఇటే తరలివచ్చిందా అన్నట్లు జనం చేరుతారు. టమాటా బజ్జీలు వేసే బండ్ల దగ్గర గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా మాటలతో పాటు తెలుగు మాటలు కూడా వినిపిస్తాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. తెలంగాణ జిల్లాల నుంచి నేత పని వెతుక్కుంటూ వెళ్లి, సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది.

డుమస్ తీరాన కూర్చున్న ఈ జనంలో సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక కార్మికుడిని ఊహించుకుందాం. మగ్గం దగ్గర అతని చేతికి గాయమైంది. గాయం చీము పట్టింది. ఆసుపత్రిలో చేర్చుకుని పెన్సిలిన్ జాతి ఇంజక్షన్ ఇచ్చారు. కొద్ది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. వైద్యులు వెంటనే గుర్తించి ప్రాణం నిలబెట్టారు. ఈ మందు ఇతనికి మళ్లీ ఎప్పుడూ ఇవ్వరాదని కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాశారు. అయిదో రోజున అరపేజీ చీటీ ఒకటి చేతిలో పెట్టి ఇంటికి పంపారు. కేస్ షీటు ఆసుపత్రి రికార్డు గదిలోకి వెళ్లిపోయింది.

కొన్ని నెలల తరువాత అతడు దసరాకు ఊరికి బయలుదేరాడు. అహ్మదాబాద్ నుంచి మద్రాసు వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా, వరంగల్ మీదుగా పోతుంది. వరంగల్‌లో దిగి బస్సు పట్టుకుని సిరిసిల్ల చేరాడు. పండుగ మర్నాడు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. అక్కడి వైద్యుడికీ అతనికీ మధ్య సంభాషణ ఇలా సాగుతుంది:

"ఇంతకుముందు ఏదన్న మందు పడకపోవుడు ఉందా?"

"సూరత్‌ల ఓ సూది పడలేదు సార్. పేరు తెల్వది. ఒళ్లంత దద్దుర్లు లేచినయ్."

"కాయితం ఏమన్న ఉందా?"

"కాయితం ఆడనే ఉంటది సార్, దవఖానల."

ఇది కల్పిత సంఘటనే. కాని మన ఊళ్లలోని ఏ వైద్యుడిని అడిగినా ఇలాంటి సంభాషణ తనకు కొత్త కాదంటాడు. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన అతి ముఖ్యమైన వాక్యం ఉంది, రాసి ఉంది, భద్రంగా కూడా ఉంది. అవసరమైన చోట మాత్రం లేదు. రోగులకు తమ వైద్య రికార్డులు అందేలా చేయాలని మన దేశంలో పాతికేళ్లకు పైగా నిబంధనలు, తీర్పులు, పథకాలు వస్తూనే ఉన్నాయి. అవి ఈ కార్మికుడి దాకా ఎందుకు రాలేదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రికార్డు అంటే ఏమిటి?

ప్రయోగశాలలో మీరు రాసుకునే పరిశీలనల పుస్తకం వంటిదే వైద్య రికార్డు కూడా. ఏ రోజు ఏమి చూశాం, ఏమని అనుమానించాం, ఏ పరీక్ష చేశాం, ఏ మందు ఇచ్చాం, ఫలితం ఏమిటి అన్నవి వరుసగా ఉండాలి. అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లో ఈ విషయాన్నే గట్టిగా చెప్పాడు. చెల్లాచెదురుగా రాసుకునే అలవాటు మాని, రోగికి ఉన్న సమస్యల పట్టిక ముందు తయారు చేసి, ఒక్కొక్క సమస్య కింద పరిశీలననూ, ఆలోచననూ, చేయవలసిన పనినీ రాయాలన్నాడు. నేటి వైద్య విద్యార్థులు కేసు రాసే పద్ధతి మీద ఆయన ప్రభావం చాలా ఉంది.

రికార్డు విలువ ఒక్క కాగితంలో ఉండదు, కాగితాల వరుసలో ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్ అనే పదార్థాన్ని కొలుస్తారు. ఒకరికి అది 1.3 మిల్లీగ్రాములు ఉందనుకోండి. చాలా ప్రయోగశాలల లెక్కలో పెద్దవారికి ఇది సాధారణ పరిమితికి అంచున ఉన్న అంకె. దానితోనే ఏమీ తేల్చలేం. అదే మనిషికి రెండేళ్ల క్రితం 0.8, నిరుడు 1.0 ఉన్నట్లు తెలిస్తే? మూత్రపిండాలు నెమ్మదిగా దెబ్బతింటున్నాయేమోనన్న అనుమానం వెంటనే కలుగుతుంది. పాత అంకెలు ఒక ఊళ్లోనూ, కొత్త అంకె మరో ఊళ్లోనూ ఉంటే ఆ అనుమానం ఎవరికీ రాదు. వలస వెళ్లే మనిషి రికార్డు ముక్కలు ముక్కలుగా మూడు నాలుగు చోట్ల ఉంటుంది. వాటిని కలపగలిగినవాడు అతనొక్కడే. అతని చేతిలో మాత్రం ఒక్క ముక్కా ఉండదు.

ఇది ఒక్క రోగికే సంబంధించిన విషయం కూడా కాదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు కలకలం రేగినప్పుడు లక్షలాది మంది దొరికిన రైలెక్కి నగరం వదిలిపోయారు. చాలామంది ముందుజాగ్రత్తగా టెట్రాసైక్లిన్ కొని మింగారు. సూక్ష్మజీవి నాశక మందు ముందే పడితే, తరువాత తీసిన నమూనాలో ప్లేగు క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు రోగం లేదనాలా, మందు వల్ల కనిపించలేదనాలా? అంటే రైలు దిగిన ప్రతి మనిషినీ వైద్యుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ఏ మందు, ఎప్పటి నుంచి, ఎన్ని మాత్రలు అన్నదే. అది అసలు ప్లేగేనా అన్న వాదన చాలాకాలం నడిచింది. దాన్ని తేల్చడానికి ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని నియమించవలసి వచ్చింది. ఆ సంఘానికి అధ్యక్షత వహించినది మన శ్రీకాకుళం వాడైన వులిమిరి రామలింగస్వామి.

అడిగితే ఇస్తారు

ఇక చట్టం మాట చూద్దాం. రోగికి సంబంధించిన కేసు పత్రాల నకళ్లు రోగికి ఇవ్వడానికి ఆసుపత్రులు గోప్యత పేరు చెప్పి నిరాకరించరాదని 1996లో బొంబాయి హైకోర్టు చెప్పింది. 2002లో భారత వైద్య మండలి వైద్యుల ప్రవర్తనా నియమావళిని ప్రకటించింది. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలనీ, రోగి కాని, అతడు అధికారం ఇచ్చిన వ్యక్తి కాని అడిగితే 72 గంటల్లో పత్రాలు ఇవ్వాలనీ అందులో ఉంది. 2014లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మాడభూషి శ్రీధర్ ఆచార్యులు, తన వైద్య రికార్డు పొందడం రోగికి ఉన్న హక్కేనని ఒక కేసులో తీర్పునిచ్చారు. 2018లో వెలువడిన రోగుల హక్కుల పత్రం ముసాయిదాలోనూ ఈ హక్కును చేర్చారు.

వినడానికి బాగానే ఉంది. అయితే ఈ నిబంధనలన్నింటిలో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ మాట "అడిగితే". అడగాలంటే ముందు అలాంటి హక్కు ఉందని తెలియాలి. దరఖాస్తు రాయడం రావాలి. మూడు రోజుల తరువాత మళ్లీ వెళ్లడానికి ఒక రోజు కూలి వదులుకోవాలి. ఎదుట ఉన్న గుమాస్తా "ఎందుకు, కేసు వేస్తావా?" అని అడిగితే తడబడకుండా జవాబు చెప్పగలగాలి. చదువుకున్న వారు కూడా ఈ ప్రశ్న దగ్గర వెనక్కు తగ్గుతారు. పరాయి భాషలో పనిచేసే ఆసుపత్రిలో మరమగ్గం కార్మికుడు అడుగుతాడని ఆశించడం అత్యాశే.

3 సంవత్సరాల గడువు కూడా ఆలోచించవలసినదే. పెన్సిలిన్ పడని మనిషికి ఆ విషయం మూడేళ్లకే కాదు, ముప్పయ్యేళ్లకు కూడా అవసరం కావచ్చు. పోనీ, కాలం గడిచిన కొద్దీ నిబంధనలు మెరుగయ్యాయా? జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో ప్రకటించిన కొత్త నియమావళిలో 72 గంటలను 5 పనిదినాలుగా మార్చారు. అత్యవసరమైతే అదే రోజు ఇవ్వాలన్నారు. ఇతర కారణాల వల్ల ఆ నియమావళిని అదే నెలలో పక్కన పెట్టి, పాతదాన్నే మళ్లీ అమల్లోకి తెచ్చారు. జిరాక్సు యంత్రం, కంప్యూటరు ఉన్న రోజుల్లో ఎక్కువ గడువు ఎందుకు కావలసివచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

నంబరు ఉంది, రికార్డు ఏదీ?

చట్టంతో కాని పని యంత్రంతో అవుతుందన్న ఆశతో 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశవ్యాప్తంగా ప్రారంభించారు. కోరిన ప్రతి పౌరుడికీ 'ఆభా' అనే 14 అంకెల నంబరు ఇస్తారు. రికార్డులన్నీ ఒకే చోట పోగు చేయరు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. రోగి తన ఫోను ద్వారా అనుమతి ఇస్తే వేరే ఊరి వైద్యుడు దాన్ని చూడగలుగుతాడు. ఆలోచన మంచిది. అనుమతి రోగి చేతిలో ఉండడం మరీ మంచిది. ఇప్పటికే 70 కోట్లకు పైగా నంబర్లు ఇచ్చారు.

కాని నంబరు వేరు, రికార్డు వేరు. బ్యాంకులో ఖాతా తెరిచినంత మాత్రాన డబ్బు జమ అయినట్లు కాదు కదా! మన కార్మికుడికి ఆభా నంబరు ఉందనే అనుకుందాం. అతని కేస్ షీటు చేతితో రాసినది. ఎర్ర సిరాతో రాసిన ఆ వాక్యాన్ని ఎవరైనా కంప్యూటరులో ఎక్కించి, అతని నంబరుకు జోడిస్తేనే ఫలితం. సూరత్ ఆసుపత్రీ, సిరిసిల్ల క్లినిక్కూ రెండూ ఈ వ్యవస్థలో చేరి ఉండాలి. అనుమతి సంకేతం వచ్చే ఫోను నంబరు మారకుండా ఉండాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా వైద్యుడికి దొరికేది మళ్లీ "పేరు తెల్వది" అన్న జవాబే.

తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఆరోగ్య సమాచార సేకరణను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. సిబ్బంది ఇంటింటికీ వెళ్లి ప్రజల ఆరోగ్య వివరాలు నమోదు చేశారు. సిరిసిల్లను ఎంచుకోవడం సంతోషించదగ్గ విషయమే. అయితే ఇంటింటికీ తిరిగే లెక్కలో ఆ వేళకు ఇంట్లో లేనివాడు ఎలా చేరతాడు? రికార్డు ఎవరికి ఎక్కువ అవసరమో, అంటే ఊళ్లు మారుతూ ఉండే మనిషికి, అతడే ఇలాంటి పద్ధతిలో జారిపోయే ప్రమాదం ఉంది.

యంత్రం ఆగిపోయే రోజులు కూడా ఉంటాయి. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్ల మీద దాడి జరిగి, దాదాపు రెండు వారాల పాటు చాలా పనులు కాగితాల మీదే నడపవలసి వచ్చింది. కంప్యూటరు వద్దని చెప్పడానికి ఈ సంగతి ఎత్తడం లేదు. చేతిలో ఉండే కాగితానికి కంప్యూటరు తోడు కావాలే గాని, దాని బదులు కారాదని చెప్పడానికే.

చదవలేని కాగితం

మళ్లీ ఆ అరపేజీ డిశ్చార్జి చీటీ దగ్గరకు వద్దాం. దాన్ని ఒక రచనగా భావించి విమర్శించి చూడండి. ఎవరి కోసం రాసినది? రోగి కోసమని పేరు. కాని భాష ఇంగ్లీషు. మధ్యలో లాటిన్ పొడి అక్షరాలు. 'బి.డి.' అంటే రోజుకు రెండుసార్లు, 'టి.డి.ఎస్.' అంటే మూడుసార్లు, 'ఎస్.ఒ.ఎస్.' అంటే అవసరమైతేనే. ఇవి వైద్యుడికి తెలుసు, మందుల షాపు వారికి తెలుసు. మింగవలసినవాడికి మాత్రం తెలియవు. అక్షరాలు కూడా పోల్చుకోవడం కష్టం. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో, అసలు రసాయన నామంతో రాయాలని 2016లో నిబంధన సవరించారు. వైద్యుడి చేతివ్రాత గురించి కూడా ఒక నిబంధన తేవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

ఇందువల్ల కలిగే ఫలితం ఏమిటంటే, చదవలేని కాగితాన్ని ఎవరూ దాచుకోరు. పెళ్లి శుభలేఖలు, రేషను కార్డు, పిల్లల మార్కుల పత్రాలు ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటాయి. మందుల చీటీ మాత్రం మందులు అయిపోయాక పొట్లానికి పనికొస్తుంది. తప్పు రోగిదని అనడం తేలిక. కాని సూరత్ నగరం తన పిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పగలిగినప్పుడు, వారి తండ్రికి నాలుగు వాక్యాలు తెలుగులో అచ్చువేసి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. రోగి పేరు, మందు పేరు నింపితే చాలునన్నట్లు ముందే అచ్చువేసిన పత్రాలు ఉంటే ఆ పని మరీ సులభం.

చేతిలో ఉన్న కార్డు

రోగి చేతికి రికార్డు ఇస్తే పోగొడతాడు, చూసి భయపడతాడు, తప్పుగా అర్థం చేసుకుని కోర్టుకెక్కుతాడు అన్నవి తరచుగా వినిపించే అభ్యంతరాలు. వీటికి అనుభవం ఇచ్చిన జవాబులు ఉన్నాయి.

పిల్లల వైద్యుడు డేవిడ్ మోర్లీ నైజీరియాలోని ఇలేషా ప్రాంతంలో పనిచేస్తూ పిల్లల ఎదుగుదల కార్డును రూపొందించాడు. నెలనెలా బిడ్డ బరువును చుక్కగా పెట్టి, చుక్కలను కలిపితే గీత పైకి పోతోందో కిందికి వంగుతోందో తల్లికే కనిపిస్తుంది. చదువు రాకపోయినా గీత అర్థమవుతుంది. ఆ కార్డును ఆయన ఆసుపత్రి బీరువాలో పెట్టుకోలేదు. తల్లి చేతికే ఇచ్చాడు. తల్లులు దాన్ని భద్రంగా దాచుకుని, వచ్చిన ప్రతిసారీ వెంట తెచ్చారు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. మన దేశంలో గర్భిణులకు, పసిపిల్లలకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డుకు కూడా మూలసూత్రం ఇదే. గుజరాత్‌లో దాన్ని మమతా కార్డు అంటారు. క్షయ విషయం చూడండి. చికిత్స నెలల తరబడి సాగాలి, మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయ తయారవుతుంది. అందుకే రోగి జిల్లా మారినా చికిత్స వివరం వెంట వెళ్లేలా 2012 నుంచి 'నిక్షయ్' అనే వ్యవస్థ నడుస్తోంది. అంటే ఈ పని మనకు చేతకానిది కాదు. అవసరమని ప్రభుత్వం భావించిన చోట చేసి చూపింది. మిగిలిన రోగులకు ఎందుకు చేయరన్నదే ప్రశ్న.

భయం సంగతి. అమెరికాలో 2010లో మూడు చోట్ల 105 మంది వైద్యులు తాము రాసుకునే వివరాలను రోగులకు చూపించే ప్రయోగం మొదలుపెట్టారు. 13 వేలకు పైగా రోగులు ఇందులో ఉన్నారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. ఈ పద్ధతి కొనసాగాలని సర్వేకు జవాబిచ్చిన రోగుల్లో 99 శాతం మంది కోరారు. మందులు వాడేవారిలో సగానికి పైగా, ఇప్పుడు మందులు మరింత సక్రమంగా వేసుకుంటున్నామన్నారు. ప్రయోగం ముగిశాక ఒక్క వైద్యుడూ ఈ పద్ధతిని మానుకోలేదు. చదువుకున్న, కంప్యూటర్లు ఉన్న రోగుల మీద జరిగిన ప్రయోగమిది. దాన్ని యథాతథంగా మనకు అన్వయించలేం. కాని తన సంగతి తనకు తెలిస్తే రోగి బెదిరిపోతాడన్న వాదనకు ఆధారం తక్కువని అర్థమవుతుంది.

ఒక అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసివేయలేం. ఇంట్లో పదిమంది చూసే కాగితం మీద మానసిక వ్యాధి, హెచ్.ఐ.వి. వంటి వివరాలు ఉంటే రోగికి హాని కలగవచ్చు. కాబట్టి చేతికిచ్చే పత్రంలో ఏది ఉండాలో, ఏది విడిగా ఉండాలో రోగినే అడగాలి. గోప్యత రోగిని కాపాడడానికి ఏర్పడినది. ఆ పేరు చెప్పి రోగికే రికార్డు ఇవ్వకపోవడం తలకిందుల వ్యవహారం.

ఏమి జరగాలి?

మన విమర్శ సారాంశం ఇది. నిబంధనలు రోగి వచ్చి అడగాలన్నాయి. డిజిటల్ పథకం రోగి నంబరు తీసుకోవాలన్నది. రెండూ మొదటి అడుగు రోగినే వేయమంటున్నాయి. ఆ అడుగు ఆసుపత్రి వేయాలి. బిల్లు ఎలా అడగకుండానే ఇస్తారో, రికార్డు కూడా అలాగే ఇవ్వాలి. డిశ్చార్జి రోజున ఒక్క పేజీ చాలు. వచ్చిన వ్యాధి పేరు, చేసిన పరీక్షల ఫలితాలు, మందుల అసలు పేర్లూ మోతాదూ, పడని మందు ఉంటే పైన పెద్ద అక్షరాల్లో దాని పేరు, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నది. ఒకవైపు వైద్యుల కోసం ఇంగ్లీషులో, రెండోవైపు రోగికి తెలిసిన భాషలో. దాన్నే కంప్యూటరులో ఎక్కించి నంబరుకు జోడిస్తే మరీ మంచిది.

ఇది చిన్న పనిలా కనిపించవచ్చు. ఇక్కడ మళ్లీ సూరత్ గుర్తుకు వస్తుంది. ప్లేగు తరువాత, 1995లో ఆ నగరానికి కమిషనర్‌గా వచ్చిన తెలుగువాడు ఎస్.ఆర్.రావు. ఆయన నగరాన్ని మార్చడానికి కొత్త సిద్ధాంతాలేవీ కనిపెట్టలేదు. అధికారులు ప్రతిరోజూ గదులు వదిలి వీధుల్లోకి వెళ్లాలన్నారు. చెత్త ఏ రోజుది ఆ రోజే ఎత్తించారు. రెండేళ్లు తిరగకుండానే దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్ పేరు చెప్పుకునే స్థితి వచ్చింది. వైద్య రికార్డుకు కావలసిందీ అలాంటి రోజువారీ శ్రద్ధే.

అంతవరకు విద్యార్థులు చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ వంటి పెద్దల చీటీలు, రిపోర్టులు ఒక చోట చేర్చి తేదీల వారీగా సర్దండి. మొదటి పేజీ మీద వారికి ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు తెలుగులో రాయండి. చదవలేని మాట ఉంటే ఊహించి రాయకండి. తరువాతిసారి వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ చీటీ చూపి, "ఈ మాట ఏమిటి సార్?" అని అడగండి.